పాలమూరు పిల్లలు ఇద్దరు

మా అక్క అశోక్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్ నడుపుతుంది. సర్కారు నౌకరీల పరీక్షలకు చదివే పిల్లలే అందరూ. పైన, నీళ్ళ ట్యాంకు కింది గదిలో నేనుంటాను. ఇంటినుంచే పని. ఏం పని అని ఎవరైనా అడిగితే అక్క ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. "కంప్యూటర్ల కంప్యూటర్లు పెడ్తది."

నవ్వొచ్చినా, అదేం తప్పు కాదు. ఒక పెద్ద యంత్రంలో పది ఉత్తుత్తి కంప్యూటర్లు నడుస్తుంటాయి. యంత్రమంతా తనదేనని ప్రతిదానికీ భ్రమ. దానికి తగిలించిన నెట్‌వర్క్ కార్డు "ఫలానా చిరునామాలో ఈ సమాచారం పెట్టు" అంటుంది. ఆ చిరునామా కూడా ఉత్తుత్తిదే. అసలు జాగా ఎక్కడుందో పట్టిక తర్వాత పట్టిక వెతికి పట్టుకోవాలి. ప్రతిసారీ అట్లా వెతికితే పని అయినట్టే! అందుకని ఈమధ్యే దొరికిన జవాబులను క్యాష్ అనే చిన్న చిట్టాలో దాచుకుంటాం. ఆ చిట్టాలో వెతుకులాటను ఇంకా వేగం చేయమని నాకప్పగించారు.

వేగమంటే మా అక్కదే. హాస్టల్లో నలభై మంది. రిజిస్టరు బీరువాలో ఉంటుంది, తీయగా నేను చూడలేదు. ఎవరి కోసం ఎవరొచ్చినా కుర్చీలోంచి లేవకుండానే చెప్పేస్తుంది. "ఖమ్మం పిల్లనా? రెండో అంతస్తు, తలుపు కాడి మంచం." పేర్లతో పనే లేదు. సిద్దిపేట, ఖమ్మం, పాలమూరు, అంతే. పిల్లలూ అంతే, ఒకరినొకరు అక్కా అని పిలుచుకుంటారు.

ఆమెను చూసే నాకు ఉపాయం తట్టింది. మా చిట్టాలో ప్రతి వరుసకూ రెండు సంగతులు సరిచూస్తాం. అడిగింది ఏ కంప్యూటరు, అడిగిన చిరునామా ఏది. మొదటిది తీసేశాను. నా పరీక్షల్లో ఒక్క కంప్యూటరే నడిచింది కాబట్టి ఒక్క తప్పూ రాలేదు, వేగం మాత్రం ఎగిరి గంతేసింది. ఆ పొద్దున దాన్ని ఆఫీసుకు పంపి, కిందికి దిగి అక్కను వాటేసుకున్నాను.

"నీ పద్ధతే పెట్టినక్కా."

"నాది పదో తరగతే. నువ్వు చదివిందంతా దండగనా ఏందే?"

ఆ మధ్యాహ్నమే కొంప మునిగింది. వారం కింద చిక్కడపల్లి హాస్టల్ నుంచి మారి మా దగ్గర చేరిన ఇంకో పాలమూరు అమ్మాయి ఏడుస్తూ మెట్లు దిగింది. మర్నాడు పొద్దున ఆమెకు సర్టిఫికెట్ల పరిశీలన. ఒరిజినల్స్ చూపకపోతే చేతికందిన ఉద్యోగం పోతుంది. అవన్నీ కవర్లో పెట్టి వాళ్ళ నాన్న ఊరివాళ్ళతో పంపాడు. తెచ్చినాయన "పాలమూరు నుంచి" అన్నాడో లేదో, అక్క కవరు అందుకుని, వెళ్ళి మూడో అంతస్తు కిటికీ మంచం మీద పెట్టేసింది. అది పాత పాలమూరు పిల్ల మంచం. ఆ పిల్లేమో చూసుకోకుండా పుస్తకాలతోపాటు దాన్నీ సంచిలో కుక్కుకుని, ఊరికి పోతున్నానని అప్పుడే కాచిగూడ స్టేషన్‌కు బయలుదేరింది. ఫోను స్విచాఫ్. చదువుకునే పిల్లలు సగం రోజులు ఫోను ఆపేసే ఉంచుతారు.

"గిట్ల పరేషాన్ చేసిననేందే పిల్లను! జర ఉరుకు!" అని అక్క నా చేతిలో స్కూటీ తాళం కుక్కింది.

నారాయణగూడ చౌరస్తాలో సిగ్నలు, బర్కత్‌పురలో తవ్విపెట్టిన రోడ్డు. వెనక కూచున్న అమ్మాయి నా భుజం వదల్లేదు. నాకు అక్క మీద కోపం, అంతలోనే జాలి.

స్టేషన్ చేరేసరికి రైలు కదలడానికి సిద్ధంగా ఉంది. ఆ పాత పిల్ల పేరు మా ఇద్దరికీ తెలియదు. అమ్మాయి "అక్కా! అక్కా!" అని అరిచింది. పెట్టెలో ఆడవాళ్ళందరూ చూశారు. నేను గొంతు చించుకుని "పాలమూరు పిల్లా!" అన్నాను. ఇంకా ఎక్కువమంది చూశారు. చూడరా మరి! అది పాలమూరు పోయే బండి.

నా బుర్ర అక్కడ వెలిగింది. పొద్దున నేను పంపింది చేసేదీ ఇదే. రెండు ఉత్తుత్తి కంప్యూటర్లు ఒకే చిరునామా అడిగితే, ఎవరి కోసమో చూడకుండా ముందు దొరికిన జవాబు ఇచ్చేస్తుంది. ఒకరి ఉత్తరం ఇంకొకరి మంచం మీద పడుతుంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"మూడో అంతస్తు! కిటికీ మంచం!" అని అరిచాను.

ఒకే ఒక్క ముఖం కిటికీ ఊచలకు ఆనింది. సంచి తిరగేస్తే రెండు పుస్తకాల మధ్య కవరు దొరికింది. కిటికీ ఊచల్లోంచి అది చేతికందాక అమ్మాయి ప్లాట్‌ఫాం మీదే కూలబడి పెద్దగా ఏడ్చింది. నేను పక్కన కూచుని, పొద్దున పంపింది వాడొద్దు, తప్పుందని ఫోన్లోంచే ఆఫీసుకు రాశాను. ఇంటికొచ్చాక, తీసేసిన మొదటి సంగతిని తిరిగి చేర్చి, ఒకే కంప్యూటరు వెంటవెంటనే అడిగే చిరునామాలు ముందు దొరికేట్టు మార్చాను. మునుపటి గంతులు లేవు కానీ, ఎవరిది వాళ్ళకే చేరుతుంది.

మర్నాడు పరిశీలన అయిపోయింది, అన్నీ సరిగ్గా ఉన్నాయన్నారు. సాయంత్రం అక్క ఆ అమ్మాయికి ఎదురెళ్ళి రెండు చేతులూ పట్టుకుంది.

"తప్పైంది బిడ్డా. నీ పేరేందే?"

అమ్మాయి పేరు చెప్పింది.

"నాలుగేండ్లాయె ఈ పట్నం వచ్చి. ఫారం నింపేటందుకు తప్ప, నా పేరు అడిగింది మీరే అమ్మా."