వీరవేణి అడిగిన మాట

వీరవేణిది ఉప్పాడ. తండ్రి సముద్రం మీద వేటకు వెళితే తల్లి పాపాయి చేపలు అమ్మేది. వీరవేణి కాకినాడలో కంప్యూటర్ డిప్లొమా చేసి, రాజమండ్రిలోని ఒక పెద్ద ఆసుపత్రిలో ఐటీ విభాగంలో చేరింది. అక్కడ ఆమె పై అధికారి వెంకటరమణ.

రోగుల వివరాలు బయటి యాప్‌లలో తిరగకూడదని ఆ ఆసుపత్రి సొంత మెసేజింగ్ సర్వర్ పెట్టుకుంది. కాకినాడలో ఒక బ్లడ్ బ్యాంకుకూ అలాంటిదే ఉంది. వార్డులో నర్సు రక్తం కావాలని టైపు చేస్తే, ఆ మెసేజ్ ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు చేరి బ్లడ్ బ్యాంకు తెర మీద కనబడేది.

ఒకరోజు ఆ మెసేజ్‌లు ఆగిపోయాయి. ఎవరూ గమనించలేదు. కాన్పుకు వచ్చిన ఒకామెకు రక్తం ఆలస్యమై, చావు అంచుదాకా వెళ్లి బతికింది. ఆసుపత్రి సర్వర్ ఎక్కడుందో బయటి సర్వర్లకు చెప్పే రికార్డు డొమైన్ సెట్టింగుల్లోంచి చెరిగిపోయిందని తరవాత తేలింది. వెబ్‌సైటు మారుస్తూ దాన్ని చెరిపింది వెంకటరమణే. విచారణలో మాత్రం, "ఆ అమ్మాయే సార్, తెలియక తీసేసింది" అన్నాడు.

"నా దగ్గర ఆ సెట్టింగుల పాస్‌వర్డే లేదండి," అంది వీరవేణి.

"నేనే ఇచ్చాను కదా, మర్చిపోయావా?" అన్నాడు వెంకటరమణ, జాలిగా చూస్తూ.

ఆ జాలిచూపును అందరూ నమ్మారు. ఉద్యోగం పోయి వీరవేణి సామాను సర్దుకుని వెళుతుంటే వరండాలో ఆ రోగి భర్త అడ్డం వచ్చి, "నా పెళ్లాన్ని చంపబోయావు కదే!" అని అరిచాడు. నర్సులందరూ చూస్తూ నిలబడ్డారు.

తరవాత ఆమెకు ఆ బ్లడ్ బ్యాంకులోనే సర్వర్ చూసుకునే పని దొరికింది. కొన్నేళ్లు గడిచాయి. ఆ కేక మాత్రం చెవుల్లోంచి పోలేదు.

ఈ మధ్య ఆసుపత్రివాళ్లు తమ సర్వర్‌ను కొత్త మెషిన్‌కు మార్చారు. వెంటనే రెండు వైపులా మెసేజ్‌లు ఆగిపోయాయి. వెంకటరమణ ఫోన్ చేశాడు.

"మీ సర్వర్ మమ్మల్ని రానివ్వట్లేదు. ఏమన్నా బ్లాక్ చేశావా?"

వీరవేణి చూసింది. కారణం తెర మీదే ఉంది. ఆసుపత్రి సర్వర్ తలుపు తట్టగానే, ఆ పేరు నిజమా కాదా అని బ్లడ్ బ్యాంకు సర్వర్ డొమైన్‌లో ఉన్న చిరునామాకు వెళ్లి అడుగుతోంది. ఆ రికార్డులో ఇంకా పాత మెషినే ఉంది. అక్కడ జవాబిచ్చేవాళ్లు లేరు. ఒక్క రికార్డు మారిస్తే సరిపోతుంది.

"మా వైపు అంతా బాగానే ఉందండి," అని పెట్టేసింది.

ముందుగా, ఆసుపత్రి నుంచి ఏ ఫోన్ వచ్చినా వదలకుండా ఎత్తమని తోటివాళ్లకు చెప్పింది. వార్డులకు తానే ఫోన్ చేసి, రక్తం కావాలంటే మెసేజ్ పెట్టకుండా ఫోనే చెయ్యమంది. తన పగకు ఇంకో ఆడమనిషి బలి కాకూడదు. ఆ పని చేశాక ఇక ఎదురుచూసింది. వెంకటరమణ మళ్లీ మళ్లీ ఫోన్ చేశాడు. ప్రతిసారీ అదే జవాబు.

"చెప్పేస్తే పోద్ది కదే," అంది ఇంట్లో తల్లి పాపాయి.

"చెప్పనమ్మా. నా మీద ఇంకోసారి నేరం మోపాలి. అందరి ముందూ మోపాలి."

అతను మోపాడు. పాత కక్షతో వీరవేణి కావాలనే ఆపిందని ఫిర్యాదు చేశాడు. ఆసుపత్రి పెద్ద, డాక్టర్ ఫిన్నీ గారు, ఇరువైపులవాళ్లనూ రాజమండ్రికి పిలిపించారు.

"డొమైన్ సెట్టింగులు ఒకసారి తెరవండి సార్," అంది వీరవేణి. వెంకటరమణ తెరిచాడు. పాత మెషిన్ పేరు అందరికీ కనబడింది.

"మీరు కొత్తది పెట్టాక ఎవరన్నా మళ్లీ పాతదానికి మార్చారేమో," అందామె మెత్తగా.

వెంకటరమణ దొరికిన ఆ దారి పట్టుకోబోయాడు గానీ, గదిలో ఉన్న తన మనుషుల్ని చూడగానే, పాస్‌వర్డ్ ఇంకొకరి చేతికి పోయిందని ఒప్పుకోవడానికి అహం అడ్డొచ్చింది. "ఎవరు మారుస్తారు? ఈ పాస్‌వర్డ్ మొదట్నుంచీ నా దగ్గరే ఉంది. ఒక్కరికీ ఇవ్వలేదు."

"ఒక్కరికీ ఇవ్వలేదా?"

"లేదు."

"మరి ఆ రోజు నేనెలా చెరిపానండి?"

డాక్టర్ గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆ క్షణాన్ని వీరవేణి తనివితీరా అనుభవించింది. తరవాతే ఏం మార్చాలో చెప్పింది. కాసేపటికి మెసేజ్‌లు నడిచాయి.

"మా వల్ల తప్పయిందమ్మా. మళ్లీ వచ్చి చేరు," అన్నారు డాక్టర్ గారు.

"చేరనండి. ఆ రోగి భర్త దగ్గరికి ఈయన్ని తీసుకెళ్లి, ఈయన నోటితోనే చెప్పించండి. నేను చూడాలి."

ఆ భర్త రావులపాలెం అరటి మార్కెట్‌లో గెలలు దించుతాడు. నలుగురూ చూస్తుండగా వెంకటరమణ తలొంచుకుని, ఆ తప్పు తనదేనని చెప్పాడు. ఆ మనిషి చివరిదాకా విని, చేతిలో గెల కిందపెట్టి, అతని చొక్కా పట్టుకున్నాడు.

"వీరవేణీ, నువ్వన్నా చెప్పమ్మా!" అన్నాడు వెంకటరమణ.

డాక్టర్ గారే విడిపించారు. వీరవేణి ఉన్నచోటి నుంచి కదల్లేదు.

భర్త ఆమె వైపు తిరిగి, "ఆ రోజు నోటికొచ్చినట్టు అన్నానండి," అంటూ చేతులు జోడించాడు. ఆమె తలూపి బస్సు ఎక్కింది.

"కడుపు చల్లబడిందా?" అని తల్లి ఫోన్‌లో అడిగింది.

"బాగా చల్లబడిందమ్మా. అన్నం ఎక్కువ వండు, ఆకలేస్తోంది," అంది వీరవేణి.