వట్టి చేతులు

మధ్యాహ్నం నుంచి మనసు మనసులో లేదు. అందుకే రాస్తున్నాను.

వరంగల్‌లో హెచ్‌ఐవీ పరీక్షల కేంద్రంలో కౌన్సెలర్‌ని. లారీ డ్రైవర్ల భార్యలు మూడు నెలలకోసారి పరీక్షకు వస్తారు. వైరస్ లేదని తేలితే మా సంస్థ చీర ఇస్తుంది. ఆ ఆశతోనైనా జాగ్రత్తగా ఉంటారని ఈ పథకం. ఈ రోజు నర్సంపేట వైపు నుంచి ఆరుగురు ఒకే ఆటోలో వచ్చారు. ఐదుగురికి లేదు. సరోజకు ఉంది. పేరు మార్చాను.

లోపల గదిలో కూర్చోబెట్టి చెప్పాను. రోజూ మందులు వేసుకుంటే అందరిలాగే బతకవచ్చన్నాను. ఆమె ఏడవలేదు.

"మా ఆయన్ని కండోమ్ వాడుమంటే కొట్టిండు మేడం," అంది. "నాగ్గూడ చీర ఇయ్యుండ్రి," అంది.

రూల్ ఒప్పుకోదని చెప్పబోతుంటే తనే అంది:

"కట్టుకునేటందుకు గాదు మేడం. అందరి చేతుల్ల చీరలుండి నా చేతుల లేకుంటే ఆటోలనే తెల్సిపోతది."

రిపోర్టులు బీరువాలో పెట్టి తాళం వేసే నేను, ఇంతకుముందు ఇద్దరిని వట్టి చేతులతో బయటికి పంపాను. వాళ్లు మందులకు కూడా మళ్లీ రాలేదు.

ఆకుపచ్చ చీర తీసి ఇచ్చేశాను. బయట తోటివాళ్లు "నీకే మంచి రంగొచ్చిందే" అంటే సరోజ మడత విప్పి చూపిస్తూ నవ్వింది. కిటికీ వెనక నేను ఏడ్చాను.

రేపు మా సారు సంజాయిషీ అడుగుతారు. భర్త తెచ్చిన జబ్బుకు భార్య చీర ఆపాలన్న తెలివి ఎవరిదని నేనూ అడుగుతాను. మీరైతే ఇచ్చేవారు కాదా?