లోడింగ్ అవతా ఉంది

ఆ రోజుల్లో అని మొదలుపెట్టాలంటే మనిషికి కనీసం తల నెరవాలంటారు. నాకింకా నెరవలేదు, నడినెత్తిన కొంచెం పలచబడిందంతే. జరిగి నిండా మూడేళ్ళు కూడా కాలేదు. అయినా ఆ రోజుల్లో అనే అంటాను, ఎందుకంటే అప్పటి నన్ను తలుచుకుంటే ఎవరో తెలియని కుర్రవాణ్ణి చూసి జాలిపడ్డట్టు ఉంటుంది. ఆ కుర్రవాడు డిగ్రీ ముగించి, గూడూరులో వాళ్ళ నాయన నిమ్మకాయల మండీలో 'పని నేర్చుకుంటున్నాను' అని అందరికీ చెప్పుకుంటూ, నిజానికి మేడమీద గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఒక ఆట కోసం ఎదురుచూస్తుండేవాడు. ఆషామాషీ ఆట కాదు, అంతరిక్షం ఆట. ఏళ్ళ తరబడి తయారుచేశారు. సినిమా తీసేవాళ్ళు కూడా నోరు వెళ్ళబెట్టేంత డబ్బు పోశారు. వెయ్యి గ్రహాలున్నాయి, ఎక్కడైనా దిగవచ్చు, నీ ఇష్టమొచ్చిన బతుకు బతకవచ్చు అని ఊరించారు. (నా ఇష్టమొచ్చిన బతుకు బతకవచ్చని నాతో అంతకుముందు అన్నవాళ్ళు లేరు. అందుకే పడిపోయాను.)

పైగా అంతరిక్షం మీద మా ఊరివాళ్ళకు కొంత హక్కు ఉందని నా నమ్మకం. శ్రీహరికోటలో రాకెట్ లేస్తే మా మేడమీదికి కనిపిస్తుంది. ఆరేసిన బట్టలు తీస్తూనే అమ్మ "పోయిందిరా" అంటుంది, ఆరున్నర బస్సు పోయిందన్నట్టు. అలాంటి చోట పుట్టినవాడికి వెయ్యి గ్రహాలు ఒక లెక్కా అనుకున్నాను. ఆట కంప్యూటర్లోకి దిగడానికే, మా వీధి ఇంటర్నెట్ పుణ్యమా అని, రెండు పగళ్ళూ రెండు రాత్రులూ పట్టింది. సరిగ్గా అది దిగిన రోజునే అమ్మకు నెల్లూరులో కంటి ఆపరేషన్ పడింది.

ముందురోజు సాయంత్రం నాయన నన్ను మండీలో కూర్చోబెట్టి చెప్పాడు. "రేపు ఢిల్లీ బండి. పదికల్లా లోడింగ్ మొదలుపెట్టించు. ఒంటిగంటకు బండి కదలాల. ఆలస్యమైతే ఆడ వేలంపాటకు అందదు, నేను మాటిచ్చుండా. మేస్త్రక్కకు గూడా నేను ఫోన్ చెయ్యను. నువ్వొచ్చి చూసి 'ఎత్తండి' అంటేనే ఎత్తమని చెప్పినా. ఈ బండి నీది." మేస్త్రక్క అంటే మా మండీలో కాయలు ఏరే ఆడవాళ్ళకూ, మూటలెత్తే హమాలీలకూ పెద్ద. నేను పుట్టకముందు నుంచీ అక్కడే ఉంది. పచ్చికాయలో ఒక్క పండుకాయ కలిసినా వాసనతో పట్టేస్తుంది. అంతటి మనిషిని పక్కనబెట్టి నాయన ఒక లారీని నా చేతిలో పెట్టడం అదే మొదలు. ఇరవై మూడేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకున్నది లేదు. ఇదే మెచ్చుకోలు అనుకుని ఆ సాయంత్రమంతా ఛాతీ విరుచుకుని తిరిగాను. పొద్దున ఎనిమిదికి అమ్మానాయనలిద్దర్నీ నెల్లూరు బస్సెక్కించి వచ్చి, పదికి ఇంకా రెండు గంటలుంది కదా, ఒక్క గ్రహం చూసి పోదామని మేడెక్కాను.

ఆట తెరిచాను. లోడింగ్. నా అంతరిక్ష ఓడ దగ్గరికి నడిచి తలుపు తీశాను. లోడింగ్. కుర్చీలో కూర్చుని, మా శ్రీహరికోట పరువు నిలబెడదామని మీట నొక్కితే నేను నడిపేదేమీ లేదు, ఓడ తనంతట తనే లేచే బొమ్మ ఒకటి చూపించి మళ్ళీ లోడింగ్. గ్రహం మీద దిగడానికి లోడింగ్, దిగాక బయటికి రావడానికి లోడింగ్. (మా మండీ షట్టరు తుప్పుపట్టి ఏళ్ళయింది. అది కూడా ఇంతకంటే తొందరగానే లేస్తుంది.) తీరా బయటికొస్తే ఏముంది, రాళ్ళు. మొదటి గ్రహంలో ఎర్రరాళ్ళు, రెండోదాంట్లో బూడిదరాళ్ళు. పావుగంట నడిస్తే ఒక పాడుబడ్డ షెడ్డు, లోపల బల్ల, బల్లమీద తలవాల్చి ప్రాణం వదిలిన ఒక మనిషి, పక్కన ఒక డబ్బా. అయ్యో పాపం అనుకున్నాను. ఇంకో గ్రహానికి పోతే అదే షెడ్డు, అదే బల్ల, అదే మనిషి, అదే డబ్బా. ఆ మహానుభావుడు నాకంటే ముందు బయల్దేరి, గ్రహగ్రహానికీ పోయి, అదే భంగిమలో చస్తున్నాడు. మరి లేచి రావచ్చు కదా అంటారా? ఏళ్ళపాటు ఎదురుచూసినవాడు బాగాలేదని అంత తేలిగ్గా ఒప్పుకోడండీ. తర్వాతి గ్రహం బాగుంటుందేమో! ఇంటర్నెట్లో పెద్దమనుషులు కూడా 'మొదటి పన్నెండు గంటలు ఓపికపట్టు, ఆ తర్వాత అద్భుతం' అని రాశారు. పన్నెండు గంటలు ఓపికపడితే గూడూరులో రైలెక్కినవాడు హైదరాబాదులో దిగి టిఫిను కూడా తినేస్తాడు. అది నాకు తట్టలేదు.

పదింపావుకు నాయన ఫోన్ చేశాడు. "ఏం చేస్తాండావురా?" నా కళ్ళు తెరమీదే ఉన్నాయి. "లోడింగ్ అవతా ఉంది నాయనా" అన్నాను. ఒట్టు, ఆ క్షణాన నేను ఆట గురించే అన్నాను. అవతల నాయన, "అప్పుడే పెట్టించేసినావా! శెబాసురా!" అని, పక్కనున్న అమ్మతో "ఇన్నావా, నీ కొడుకు లోడింగ్ మొదలుపెట్టించేసినాడంట" అంటున్నాడు. అప్పుడు వెలిగింది నాకు. చెప్పేద్దామనుకున్నాను. కానీ నాయన గొంతులో అంత సంతోషం నేనెన్నడూ వినలేదు, దాన్ని చెడగొట్టడానికి మనసొప్పలేదు. (ఇది అప్పట్లో నాకు నేను చెప్పుకున్న కారణం. అసలు కారణం, ఈలోగా లోడింగ్ అయిపోయి గ్రహం కనిపించింది.)

పదకొండుకు మేస్త్రక్క ఫోన్ చేసింది. "అబ్బయ్యా, లారీ వచ్చి నిలబడుండాది. వస్తాండావా?" "ఐదు నిమిషాలక్కా" అన్నాను. ఆ ఐదు నిమిషాలు ఆమెకు నాలుగుసార్లు ఇచ్చాను. పన్నెండుకు మళ్ళీ నాయన. "ఎంతవరకొచ్చింది లోడింగ్?" తెరవైపు చూసి "అయిపోవచ్చింది" అన్నాను. ఒంటిగంటకు "అయిందా? బండి కదిలిందా?" అన్నాడు. "కదిలింది నాయనా" అన్నాను. అది మాత్రం పచ్చి అబద్ధం. లారీలో అప్పటికి ఒక్క మూట కూడా లేదు.

రెండుకు మెట్లమీద చెప్పుల చప్పుడైంది. మేస్త్రక్కే వచ్చింది. అప్పుడు నేను ఒక గ్రహం నడిమధ్యన కదల్లేక నిలబడి ఉన్నాను. దొరికిన ప్రతి డబ్బా, ప్రతి పైపుముక్కా ఏరి సంచిలో వేసుకున్నందుకు బరువెక్కువైందని తెరమీద ఎర్ర అక్షరాలు పడ్డాయి. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని తెరలోకి తొంగిచూసింది.

"ఇదేంది అబ్బయ్యా?"

"వేరే గ్రహం అక్కా."

"మనుషులు లేరే?"

"ఉండరు."

"నీళ్ళో?"

"లేవు."

"మరి ఆడికి ఏం పనిమీద పొయినావు నాయనా?"

(ఏం పనిమీదో ఆ ఆట చేసినవాళ్ళకు కూడా తెలియదని నా అనుమానం.) "ఆ ఎర్రగా రాసుండేది ఏంది?" అంది. "మూట బరువైంది, నడవలేను అని అక్కా." ఆమె నడుంమీద చేయి పెట్టుకుని నన్నూ తెరనూ మార్చిమార్చి చూసింది. "పాపం, దించేదానికి మనిషి లేడా? ఈడ మూటలుండాయి, లారీ ఉండాది, ఎత్తండి అనేదానికి నువ్వు లేవు. హమాలీలు పన్నెండుదాకా చూసి పక్క మండీ బండికి పొయినారు. లెయ్యి, లెయ్యి, మీ నాయన పరువు పోతాది." ఆ చివరి మాటతో ఫోన్ కూడా మేడమీదే వదిలేసి పరిగెత్తాను.

ఆ మధ్యాహ్నం లారీకి మూటలెత్తింది నేనూ, మేస్త్రక్కా, కాయలు ఏరే ఆడవాళ్ళు నలుగురూ. డ్రైవరన్న పైనుండి అందుకున్నాడు. ఆయన మా మండీకి కొత్త. నన్ను ముతక చొక్కా వేసుకున్న కొత్త హమాలీ అనుకుని "ఏందబ్బా, అన్నం తినలేదా?" అని కసురుకున్నాడు. ఏడో మూటకే కళ్ళముందు ఎర్ర అక్షరాలు కనిపించాయి. లోడింగ్ అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. అందులో ఆపుకుని, కాఫీ తాగొచ్చి, మళ్ళీ మొదలుపెట్టే మీట ఉండదు. టార్పాలిన్ కప్పి తాళ్ళు నేనే బిగించాను. మేస్త్రక్క ప్రతి ముడీ చూసి సగం విప్పించి మళ్ళీ కట్టించింది. ఐదుకు బండి కదిలింది.

ఇంటికొచ్చి చూస్తే ఫోన్లో నాయన కాల్స్ పదకొండు. తిరిగి చేయడానికి ధైర్యం చాల్లేదు. ఆరు దాటాక, మేస్త్రక్క ఇచ్చిన నంబరు పట్టుకుని డ్రైవరన్నే చేశాడు. "తమ్ముడూ, నెల్లూరు బైపాసుకాడ మీ నాయన బండి ఆపినాడబ్బా. మీ అమ్మ గూడా ఉండాది, కంటికి కట్టుతో. రెండునుంచీ ఆడనే ఉండారంట. కొడుకు లోడ్ చేయించిన మొదటి బండి పోతాంటే చూసిపోదామని ఆయమ్మ పట్టుబట్టిందంట." ఉండబట్టలేక అడిగాను. "ఏమన్నాడన్నా నాయన?" "బండి చుట్టూ తిరిగి ముడులన్నీ లాగి చూసినాడు. బాగా కట్టినారే అన్నాడు. నాకు టీ తాగించి పంపించినాడు."

ఆ రాత్రి వాళ్ళొచ్చేసరికి నేను చెప్పుకోవాల్సిందంతా బట్టీపట్టి గుమ్మంలో నిలబడ్డాను. అమ్మ తెరిచి ఉన్న కంటితో నన్ను ఎగాదిగా చూసి "తిన్నావా?" అంది. నాయన కాళ్ళు కడుక్కుని, అన్నం తిని పడుకున్నాడు. పడుకునేముందు ఢిల్లీకి ఫోన్ చేసి, బండి టైరు పోయిందనీ, అందుకే ఆలస్యమనీ చెప్పాడు. ఆయన వ్యాపారంలో అబద్ధమాడగా నేను విన్నది అదొక్కటే. అది నాకోసం ఆడాడు. తిట్టి ఉంటే హాయిగా నిద్రపోయేవాణ్ణి.

మర్నాడు పొద్దున, నాకు తెలిసి మొట్టమొదటిసారి, నాయన నా గదిలోకి వచ్చాడు. "వెయ్యి గ్రహాలుండాయంట గదా. మేస్త్రక్క చెప్పింది. ఒకటి చూపించు" అన్నాడు. ఆట తెరిచాను. లోడింగ్. ఆయన స్టూలు లాక్కుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని తెరవైపే చూస్తున్నాడు. "కొంచెం ఆలస్యమవుతుంది నాయనా" అన్నాను. "కానీలేరా" అన్నాడు. "నిన్న నాలుగు గంటలు నిలబడినోణ్ణి, ఈపొద్దు కూర్చోలేనా?"

ఇప్పుడు మండీ నేనే చూసుకుంటున్నాను. నాయన ఇంట్లో కూర్చుని రోజూ పదింపావుకు ఫోన్ చేసి "లోడింగ్ అవతా ఉందా?" అంటాడు. నేను ఫోన్ హమాలీల వైపు తిప్పి పట్టుకుంటాను. ఆ కేకలు కాసేపు విని పెట్టేస్తాడు. ఆ ఆటను ఇప్పుడు చాలా బాగుచేశారని అంటున్నారు, ఉండొచ్చు. నేను మళ్ళీ తెరవలేదు. నాయనకు చూపించిన పొద్దున కూడా లోడింగ్ అయ్యాక తెరమీద కనిపించింది అప్పటి ఆ కుర్రవాడే, మూట వీపున వేసుకుని, ఎర్ర అక్షరాల కింద, నీళ్ళూ మనుషులూ లేని ఆ రాళ్ళ మధ్యన. ఇప్పటికీ అక్కడే నిలబడి ఉంటాడు, పాపం. దించేదానికి మనిషి లేడు.