కొర్రమట్టల టబ్బు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, వానాకాలం చివర్లో, పోలీసు శాఖలో బైక్ శిక్షకుడిగా నన్ను మేడ్చల్‌కు వేశారు. హోదాకు సబ్ ఇన్‌స్పెక్టర్‌నే అయినా, నా పనల్లా ఎండలో నిలబడి గొంతు చించుకోవడం. గస్తీ బండ్లకు ఎంపికైన కానిస్టేబుళ్లకు మలుపులు తిరగడం నేర్పాలి. మలుపుకు ముందే వేగం తగ్గించాలి, చూపు మలుపు చివర నిలపాలి, బండిని లోపలికి వంచాలి, మధ్యలో బ్రేకు తొక్కకూడదు. చెప్పడానికి ఇంతే.

ఆ బృందంలో లావణ్య అనే కానిస్టేబుల్ ఉండేది. షామీర్‌పేట చెరువులో చేపలు పట్టే ఇంటి పిల్ల. గస్తీ బండి కోసమే పోలీసులో చేరానని చెప్పుకునేది. రద్దీలో చక్కగా నడిపేది గానీ, మలుపు రాగానే బండిని నిటారుగా బిగబట్టి, తానొక్కతే పక్కకు ఒరిగేది. దాంతో బండి సరిగా తిరగక రోడ్డు మధ్యకు జరిగిపోయేది. ఒకరోజు షామీర్‌పేట దారిలో ఎడమ మలుపు దగ్గర అలాగే లారీకి ఎదురెళ్లబోయింది. పరీక్ష ఆ వారమే. తప్పితే బండి ఆశ వదులుకుని స్టేషన్ గేటు దగ్గర కాపలాకు వెళ్లాలి.

అరిస్తే తలూపేది, మళ్లీ అదే చేసేది. చివరికి టీ తాగుతూ, బండి వంచడానికి భయమెందుకని నెమ్మదిగా అడిగాను.

“భయం కాదు సార్. ఇంటర్ సదివేటప్పుడు బాపు మోపెడ్ మీద ఎన్క కొర్రమట్టల టబ్బు కట్టుకొని సుచిత్ర చౌరస్తా కాడ అమ్మనీకి తీస్కపోతుంటి. బండి వంచితే నీళ్లు ఒలుకుతయ్, చేపలు సస్తయ్ అంటుండె బాపు. చేతులకు గదే అలవాటైంది.”

కొర్రమట్ట బతికుంటేనే గిరాకీ. ఆ అలవాటు అరుపులతో పోయేది కాదని అప్పుడర్థమైంది.

మరునాడు వాళ్లింటి టబ్బే తెప్పించాను. సగం నీళ్లు పోసి, మూత లేకుండా నా బండి వెనక కట్టించి, మైదానంలో సున్నంతో గీసిన మలుపులో తిరిగాను. మొదట ఆమెలాగే బండిని నిటారుగా పట్టాను. నీళ్లు బయటి అంచు మీదుగా ఒలికిపోయాయి. రెండోసారి మళ్లీ అన్నే నీళ్లు నింపి, వేగం మార్చకుండా బండిని వంచాను. టబ్బూ బండితోపాటే ఒరిగింది, నీళ్లు మాత్రం అంచు దాటలేదు. లావణ్య వంగి మలుపు పొడవునా నేల చూసింది. మొదటిసారి ఒలికిన తడే తప్ప కొత్త తడి లేదు.

“ఇన్నేండ్లు ఉత్తగనే బిగబట్టిన్నా సార్,” అంది.

తర్వాత టబ్బును తన బండికే కట్టుకుంది. మలుపు మధ్యలో బ్రేకు తొక్కి ఒకసారి సగం నీళ్లు పారబోసింది. మళ్లీ నింపుకుంది. సాయంత్రానికి ఆమె వెనక నేల పొడిగా ఉంది. నాకు పట్టరానంత సంతోషం కలిగింది, పైకి మాత్రం మళ్లీ తిరగమన్నాను.

పరీక్ష రోజు వెనక టబ్బు లేదు. అయినా ఉన్నట్టే నడిపింది, గస్తీ బండి తెచ్చుకుంది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, కొత్త బృందం వస్తే ముందుగా మలుపుల సంగతి ఎత్తలేదు. ఇదివరకు బండి మీద ఏం మోసేవారో అడిగేవాణ్ణి.