స్టీరింగు వెనక గేర్లు

ఆటోమేటిక్ కారును మా వైపు ఎవరూ చూడని రోజులవి. పలాస స్టేషన్లో విశాఖ పాసింజరు కోసం కూర్చుని కార్ల పత్రిక తిరగేస్తున్నాను. నేను కారు నేర్చుకుని ఆరు నెలలే అయింది, మాటలు మాత్రం ముప్పై ఏళ్ల డ్రైవరువి. అంత ఎండలోనూ పొడుగు చేతుల చొక్కా వేసుకున్న ఒకాయన పక్కనుంచి తొంగిచూశాడు. మందసలో ఇరవై ఏళ్లు జీడిపిక్కల లారీ తోలాడట. ఒక స్పోర్ట్స్ కారు ఫొటో మీద వేలు పెట్టాడు.

"స్టీరింగు ఎనకాల ఈ రెక్కలేటి బాబూ?"

"గేర్లు. క్లచ్చు లేదు, రాడ్డు లేదు. వేలితో లాగితే పడిపోతాయి."

"అయితే ఎడం సేత్తో పనే నేదా?"

"లేదు. అదీ ఒక డ్రైవింగేనా? గేరు వెయ్యడం చేతకాని వాళ్ల సోకు" అన్నాను.

ఆయన నవ్వి, ఫొటో మీద మళ్లీ వేలు పెట్టాడు. "ఆ కాయితం ఇత్తావా బాబూ? ఇలాటి బళ్లు వత్తన్నాయని మా ఓనరుకి సూపిత్తాను" అన్నాడు.

పుస్తకం పాడవుతుందన్నాను.

రైలొచ్చింది. ఆయన కుడిచేత్తో కమ్మీ పట్టుకుని ఎక్కి, కింద వదిలిన సంచి అందించమన్నాడు.

"ఎడం సేత్తో బరువెత్తొద్దన్నారు బాబూ. డయాలసిస్ సూదులు గుచ్చే సెయ్యి. గేరు రాడ్డు కూడా ముట్టుకోవద్దన్నారు."

సంచి అందించాను. పుస్తకం నా చంకలోనే ఉంది. అప్పుడైనా ఆ కాగితం చింపి ఇవ్వొచ్చు. నేను వేరే పెట్టె వైపు నడిచాను.

ఇప్పుడు నేను నడిపేది క్లచ్చు లేని కారే. ఆ పత్రిక ఇంకా నా దగ్గరే ఉంది. ఒక్క పేజీ కూడా చిరగలేదు.