మూడో పిలుపు

దింపుడు కళ్లం దగ్గర చనిపోయినవారిని మూడుసార్లు పిలిచేవాళ్లు జవాబు కోసం నిజంగా ఆగుతారా? పాడెను దారి మధ్యలో దించి, ప్రాణం ఉందేమోనని చెవిలో పిలుస్తారని చిన్నప్పుడు విన్నాను. మా తాతయ్య పోయినప్పుడు ఆడపిల్లనని నన్ను తీసుకెళ్లలేదు. తిరిగొచ్చిన బాబాయిని అడిగితే, "ముందు నన్ను స్నానం చెయ్యనివ్వవే" అని విసుక్కున్నాడు. కిందటి వారం మాస్టారు పోయారని వాళ్లమ్మాయి ఫోన్ చేసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఈ ప్రశ్నే.

మాస్టారు గుంటూరులో ఇంగ్లీష్ లెక్చరర్‌గా రిటైరై, ఇక్కడ అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా పక్కింట్లో కూతురి దగ్గర ఉండేవారు. సాయంత్రాలు ఇద్దరం నడిచేవాళ్లం. ఇంగ్లీషువాళ్లే మరిచిపోయిన పాత జంట మాటలు ఆయన దగ్గర బోలెడు. మోకాలు నొప్పిపుడితే "నా బోన్‌హౌస్ మొరాయిస్తోందమ్మా" అనేవారు. ఎముకల ఇల్లు, అంటే ఒళ్లు. మసక పడితే "కాక్‌షట్ అయింది, పద" అనేవారు. కోళ్లను గూట్లో మూసే వేళట.

"మన కాలనీలో కోళ్లెక్కడివి మాస్టారూ?"

"మనం లేమూ? గరాజ్ తలుపులు ఎలా దిగుతున్నాయో చూడు."

తెల్లవారుజామున ఊరికే మెలకువ వచ్చి పట్టుకునే దిగులును ఉహ్ట్‌కేర్ అనేవారని ఆయనే చెప్పారు. పేరు తెలిస్తే దిగులు తగ్గుతుందా అని అడిగాను. "తగ్గదు. పిలిస్తే పలుకుతుంది" అన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి చీకటి విడకముందే లేచినప్పుడు ఆ పేరు మనసులో కూడా అనుకోను.

ఆయనకో అలవాటు. ఒకటి రెండు పిలుపులకు పలికేవారు కాదు. మూడోసారికి "ఊఁ" అని గొంతులోంచి ఒక్క మూలుగు. చెవుడేమో అనుకున్నాను. "మొదటిది భ్రమ కావచ్చు, రెండోది గాలి కావచ్చు. మూడోసారి పిలిచేది మనిషే" అని నవ్వారు.

ఆకులు రాలే రోజుల్లో ఒకసారి లిచ్‌గేట్ అనే మాట చెప్పారు. లిచ్ అంటే శవం. పూర్వం ఇంగ్లండులో చర్చి వాకిట కప్పున్న గేటు కింద శవాన్ని దించి, పాస్టరు వచ్చేదాకా ఆగేవారట.

"మన దింపుడు కళ్లంలా!" అన్నాను.

"ఆఁ. ఇక్కడ మాత్రం ఎక్కడా దించరు. హైవే మీద ఆపితే శవానికి కూడా జరిమానా టికెట్ ఇస్తారు." నాలుగడుగులు వేసి, "ఎక్కడైనా ఆగితే నువ్వు పిలువమ్మా. మా అమ్మాయి పిలిస్తే లేవాలనిపిస్తుంది. పిలిచేసి వెళ్లిపోకు. కాస్త ఆగి విను" అన్నారు. సరేనన్నాను.

అంత్యక్రియల రోజు వాళ్లమ్మాయి ఆయన్ని తీసుకెళ్లే నల్లబండిలో ముందు సీట్లో కూర్చుంది. వెనక కారులో వాళ్లాయనా, నేనూ. ఊరి చివర రైలు గేటు పడింది. గూడ్సు బండి నింపాదిగా కదులుతోంది. నల్లబండి డ్రైవర్ ఇంజిన్ ఆపేశాడు.

"నేను దిగుతాను తమ్ముడూ" అన్నాను.

"ఇక్కడా? ఎందుకక్కా?"

దిగి, నల్లబండి వెనక అద్దానికి నోరు దగ్గరగా పెట్టాను. "మాస్టారూ." చక్రాల చప్పుడు. "మాస్టారూ." ఆఖరి పెట్టె దాటిపోయి ఒక్కసారిగా నిశ్శబ్దం అయింది. "మాస్టారూ."

ఆగాను.

"ఊఁ" అని వినిపించింది. ఆ వెంటనే ఇంజిన్ స్టార్టయింది. డ్రైవర్ తల బయటికి పెట్టి, "మ్యామ్, యూ ఓకే?" అన్నాడు. గేటు లేచింది. వెనక కార్లు హారన్ కొడుతున్నాయి. పరుగున వచ్చి ఎక్కాను. అందరం ముందుకు కదిలాం.

సాయంత్రం వాళ్లమ్మాయి నా పక్కన కూర్చుని, "పిలవమని నాన్న నీకే ఎందుకు చెప్పారో నాకు తెలుసక్కా. ఏమైనా వినిపించిందా?" అని అడిగింది. రైలు చప్పుడన్నాను.

ఆ "ఊఁ" బండిలోంచి వచ్చిందో, నా గొంతులోంచే వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయనదే అయితే, ఆ గేటు దాటి మేం ఆయన్ని ఎక్కడికి తీసుకెళ్లామో తలుచుకోలేను. నాదే అయితే, ఆయనకిచ్చిన మాట ప్రకారం నేను ఆగి విన్నట్టా, విననట్టా? అదీ తేల్చుకోలేకపోతున్నాను. మసక పడేవేళ పక్కింటి గరాజ్ తలుపు దిగుతుంటే, "మాస్టారూ" అన్న పిలుపు రెండుసార్లు నోటిదాకా వస్తుంది. మూడోసారి పిలవను.