చెయ్యి లేవని కోటు

దర్జీ పనిలో కుట్టేవాళ్లు కూర్చుంటారు, కత్తిరించేవాళ్లు నిలబడతారు. గౌరవమంతా ఆ నిలబడే చోటులోనే ఉంది. మా వీధి దర్జీ దుకాణంలో ఆ చోటు, మేమంతా కత్తెర వదిన అని పిలిచే ఆవిడది. మొగుడు మిషన్ తొక్కేవాడు, మరిది కౌంటర్ దగ్గర కూర్చుని మాటలు అమ్మేవాడు. కొత్త గుడ్డ మీద కత్తెర పెట్టే ధైర్యం ఆవిడదే.

నలభై ఆరేళ్లు దాటాక ఎడమ భుజం బిగుసుకుంది. ముందు నొప్పి, ఆ తర్వాత తాళం వేసినట్టు పట్టేసింది. బల్ల మీద గుడ్డ పరచాలంటే కళ్లలో నీళ్లు తిరిగేవి. జడ కూతురే వేసేది. దానికి తోడు ఏమీ తినకపోయినా నాలుక మండేది, చెవిలో ఈల మోగేది. ఒంటి మీద చీమలు పాకినట్టుండేది, చూస్తే చీమా లేదు, దోమా లేదు. దేనికది వేరే జబ్బనుకుని ఒక్కొక్కరికి ఒక్కొక్కటి చెప్పుకుంది. వయసు మీద పడిందన్నారు అందరూ. మరిది మాత్రం దుకాణం నిండా జనం ఉండగా అన్నాడు: "నొప్పీ లేదు, గిప్పీ లేదు. పని తప్పించుకునే నాటకం, వదినా."

అని ఊరుకోలేదు. కత్తిరించే బల్ల తన బామ్మర్దికిచ్చి, వదినను హుక్కులు కుట్టమన్నాడు. మొగుడు బెల్లం కొట్టిన రాయిలా సూది వంకే చూశాడు.

చివరికి డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, ఆవిడ భుజం కన్నా ముందు నెలసరి సంగతి అడిగింది. ఓ నెల వస్తోంది, ఓ నెల లేదు. పరీక్షలన్నీ చేయించి, వేరే జబ్బేదీ లేదని తేల్చుకున్నాకే చెప్పింది. "ముట్లు ఆగడానికి కొన్నేళ్ల ముందు నుంచే ఇవన్నీ మొదలవుతాయమ్మా. ఒళ్లు వేడెక్కడం అందరికీ తెలుసు. భుజం పట్టేయడం, నాలుక మంట, చెవిలో హోరు ఎవరూ చెప్పుకోరు, అంతే." వ్యాయామం చేస్తే మెల్లగా వదులుతుందనీ, నెలలు పట్టొచ్చనీ అంది.

వదిన ఏడవలేదట. "జబ్బేంటో తేలింది. ఇక తేల్చాల్సింది మరిది సంగతే" అనుకుందట.

అవకాశం ఆ మహానుభావుడే చేతికి తెచ్చిచ్చాడు. దర్జీల సంఘానికి అధ్యక్షుడయ్యాడు, ప్రమాణం రోజుకి కోటు కావాలి. బామ్మర్ది కత్తెర మీద ఆయన నమ్మకం ఊరివాళ్ల గుడ్డల వరకే. తన గుడ్డ గుట్టుగా వదిన ఇంటికి తెచ్చాడు. బయట మాత్రం బామ్మర్ది కోస్తున్నాడని చాటుకున్నాడు.

వదిన కాదనలేదు. గుడ్డ నేల మీద పరిచి, మోకాళ్లతో అదిమిపెట్టి కోసింది. చంక బాగా కిందికి దించింది, చేతులు ఇరుకుగా పట్టింది. అలాంటి కోటు వేసుకుని నిలబడితే ఒక్క ముడత ఉండదు. ట్రయల్‌లో ప్రతివాడి చేతా చేతులు ఎత్తించి చూసే మరిది, అద్దంలో తన ఛాతీ చూసుకుని మురిసిపోయి, దించిన చేతులు దించినట్టే వెళ్లిపోయాడు.

సభలో కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేయమన్నారు. చెయ్యి భుజం దాకా రాలేదు, కోటు మాత్రం చెవుల దాకా లేచింది. గట్టిగా లాగాడు. వీపు పర్రుమంది. ఎదురుగా ఉన్నవాళ్లంతా దర్జీలే. కోసింది బామ్మర్దేనా అని వెనక వరసలోంచి ఎవరో అడిగారు. కక్కలేడు, మింగలేడు. వదిన ముందు వరసలో కూర్చుని తీరిగ్గా చూసింది. నాలుక మంట ఆ ఒక్క పూట చల్లారిందని చెప్పింది నాతో.

మర్నాడు మరిది ఇంటికొచ్చి, తలుపు దగ్గరకేసి, ఎందుకు చేశావని అడిగాడు.

"భుజం లేవకపోతే ఎలా ఉంటుందో నోటితో చెప్తే నీకెక్కలేదు, మరిదీ. అందుకని తొడిగాను."

అంతటితో వదిన ఆగలేదు.

"నా బల్ల నాకిస్తావా, లేక నీ బామ్మర్ది కత్తెర మీద నీకెంత నమ్మకమో నీ పెళ్లానికి చెప్పమంటావా?"

బామ్మర్ది హుక్కుల దగ్గరికి మారాడు. వదిన వడ్రంగిని పిలిపించి, చెయ్యి ఎత్తకుండా కోసుకునే ఎత్తుకి బల్ల కాళ్లు తెగ్గోయించింది. రంపం ఆడినంతసేపూ బల్ల కదలకుండా పట్టుకోమని, వచ్చేపోయేవాళ్లు చూస్తుండగా, మరిదినే నిలబెట్టింది.